సాక్షి సంతకం

ముందుగా ఒక మాట. నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. అరవై తొమ్మిదో ఏట అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఒక మాట రాసి, అది సరిగ్గా కుదిరిందో లేదో చూసుకుని పక్క మాటకి వెళ్ళేలోపు టీ చల్లారిపోతుంది. మంగళవారాలు లైబ్రరీలో మాకు చదువు చెప్పే టీచరమ్మ అన్నీ దిద్ది పెడతానంది. కొన్ని దిద్దనిచ్చాను. మిగతావి ఉండనిమ్మన్నాను. ఎవరి చేతిరాతైనా వాళ్ళ నడకలా ఉంటుంది, నాకు కుడి తుంటి నొప్పి కూడా ఉంది.

నేను రాస్తున్నది నా భర్త క్లిఫ్ పోయిన ఏడాది సంగతి. ఆకులు రాలడం మొదలైనప్పటి నుంచి మంచు కరిగేదాకా.

అప్పటికి బ్రయనీ యూనివర్సిటీలో చేరి నెల దాటింది. కన్నవాళ్ళు చూసుకోలేని పిల్లల్ని కౌన్సిల్, అంటే మా ఊరి మునిసిపాలిటీ, డబ్బిచ్చి మాలాంటివాళ్ళ ఇళ్ళలో పెంచమని పెడుతుంది. బ్రయనీ తొమ్మిదేళ్ళ పిల్లగా ఆ కౌన్సిల్ వాళ్ళ కారులో, బట్టలన్నీ ఒక నల్ల చెత్త సంచిలో వేసుకుని మా ఇంటికొచ్చింది. పద్ధెనిమిది నిండాక కౌన్సిల్ వాళ్ళు డబ్బివ్వడం ఆపేశారు. మేం పెంచడం ఆపలేదు. మా దగ్గర పెరిగే పిల్లలు మమ్మల్ని పేరు పెట్టే పిలుస్తారు. కన్నతల్లి చోటు ఇంకెవరూ తీసుకోకూడదని మొదటి రోజే చెప్పి మరీ అప్పగిస్తారు. అందుకని ఆ పిల్లకి నేను ఎప్పుడూ ఈనిడ్‌నే.

ఆదివారం ఆదివారం మాసిన బట్టల బ్యాగుతో లీడ్స్‌లో మా పేట బీస్టన్‌లో బస్సు దిగేది. బట్టలు మెషీన్లో వేసి, నేను గ్రేవీ కలుపుతుంటే దాంతో తినే పిండి పుడ్డింగుల అంచులు గిల్లి తింటూ వారం కబుర్లన్నీ చెప్పేది. ఆ ఆదివారం కోటు కూడా విప్పకుండా మొదలుపెట్టింది.

“ఈనిడ్, మాకు ఇల్లు దొరికింది!”

“అప్పుడే ఇల్లేమిటే? హాస్టల్లో పక్క దులుపుకుని నిండా రెండు నెలలు కాలేదు.”

“ఇప్పటికి కాదు, వచ్చే జులైకి. ఇప్పుడే పట్టుకోవాలి. క్రిస్మస్ నాటికి మంచివన్నీ అయిపోతాయంట. తర్వాత మిగిలేవి ఎలకల కొంపలే.”

“ఎలకలుంటే అద్దె తగ్గిస్తారేమో.”

“తగ్గించరు. వాటికీ ఒక గది ఇస్తారు.”

ఐదుగురు ఆడపిల్లలు కలిసి తీసుకుంటున్నారు. మా ఊళ్ళోనే హైడ్ పార్క్ అనే పేటలో ఎర్ర ఇటుకల ఇల్లు. పైకప్పు కింద వాలుగా ఉన్న గది బ్రయనీది. అందరిలో పొట్టిది తనే కాబట్టి తల తగలదని తనకే ఇచ్చారట. మంచం మీద పడుకుంటే కిటికీ సరిగ్గా మొహం మీదే ఉంటుందని చేత్తో కొలిచి చూపించింది.

తర్వాత బంగాళాదుంపని ముక్కలు చేస్తూ, తలెత్తకుండా అంది. “ఒక్కటే ఉంది. షూరిటీ కావాలంట. అమ్మో నాన్నో సంతకం పెట్టాలి. నేను అద్దె కట్టకపోతే వాళ్ళు కడతారని.”

“నేను పెడతాను. నా సంతకం చూశావుగా, రాణీగారి సంతకంలా ఉంటుంది.”

నవ్వింది. నేను రాయగలిగిందల్లా ఆ సంతకమే. పెళ్ళయిన కొత్తలో క్లిఫ్ వంటింటి బల్ల మీద కూర్చోబెట్టి నేర్పాడు. మిగతా రాతకోతలన్నీ ఆయనవే. ఈ సంగతి బ్రయనీకి ఎవరూ చెప్పలేదు, తనే కనిపెట్టింది. పదేళ్ళ వయసులోనే బస్టాపులో నిలబడి, తన కోసం చదువుకుంటున్నట్టు బస్సుల మీది పేర్లన్నీ నాకు వినబడేలా పైకి చదివేది.

ఇంకో సంగతి కూడా ఉంది. క్లిఫ్ పోయాక మా ఇంటి మెట్లు ఎక్కలేక కింది అంతస్తులో ఒంటి గది ఫ్లాటు ఇప్పించమని కౌన్సిల్‌ని నేనే అడిగాను. చలికాలం వెళ్ళేలోపు ఇస్తామన్నారు. అంటే బ్రయనీ గది పోతుంది. జూన్‌లో హాస్టల్ మూసేస్తారు. ఆ తర్వాత ఆ పిల్ల తలదాచుకోవడానికి ఆ పైకప్పు కింద గది తప్ప ఇంకోటి లేదు. ఈ మాట మేం అనుకోలేదు. ఇద్దరికీ తెలుసు కాబట్టి అనుకోలేదు.

మర్నాడు నా నల్ల కోటు వేసుకున్నాను, క్లిఫ్ అంత్యక్రియలకి కొన్నది. సంచిలో అద్దె పుస్తకం, పెన్షన్ కాగితం, క్లిఫ్ బస్సు కంపెనీలో మంచి పనివాడని ఇచ్చిన సర్టిఫికెట్టు పెట్టుకున్నాను. ఎదుటి మనిషి మాట నమ్మడానికి ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

బ్రయనీ తీసుకెళ్ళిన, ఇళ్ళు అద్దెకిప్పించే ఏజెంట్ ఆఫీసు గోడ నిండా ఇళ్ళ ఫొటోలే. చాలావాటి మీద అడ్డంగా ఎర్ర పట్టీ. అది చదవక్కర్లేదు, చూస్తేనే తెలుస్తుంది, ఆ ఇల్లు ఇక లేదని. మమ్మల్ని కూర్చోబెట్టిన కుర్రాడి పేరు జారెడ్. సూది మొనల బూట్లు, కళ్ళ కింద నల్లటి చారలు. ఆ నెలల్లో వాళ్ళకి నిద్ర ఉండదట. నాకు పిప్పరమెంటు బిళ్ళ ఇచ్చాడు.

“సొంత ఇల్లేనాండీ మీది?”

“కౌన్సిల్ ఇల్లు నాయనా. పెళ్ళయిన దగ్గర్నుంచీ అందులోనే. ఇదిగో పుస్తకం. ఒక్క వారం బాకీ లేదు. మా ఆయన కాలు విరిగిన చలికాలంలో కూడా.”

అతను పుస్తకం తీసుకుని మర్యాదగా పేజీలు తిప్పాడు. “చాలా బాగుందండీ. మా దగ్గర అద్దెకుండేవాళ్ళు ఎవరూ ఇలా కట్టరు. కానీ కంప్యూటర్ దీన్ని అడగదు. సొంతిల్లు ఉందా అంటుంది. లేకపోతే జీతం ఎంతంటుంది.”

“పెన్షనుంది.”

అతను తల గోక్కున్నాడు. “మీరు ఈ అమ్మాయికి ఏమవుతారు?”

“నన్ను పెంచింది,” అంది బ్రయనీ. గొంతు కాస్త లేచింది. “తొమ్మిదేళ్ళ నుంచి.”

“అలాగా. పోనీ కౌన్సిల్ వాళ్ళు రాసివ్వరా?”

“హాస్టల్ వరకేనంట. ప్రైవేటు ఇళ్ళకి ఇవ్వరంట. అడిగాను.”

“అయితే ఏడాది అద్దె మొత్తం ముందే కట్టేస్తే షూరిటీ అక్కర్లేదు,” అన్నాడు. ఆ పిల్ల కాలి బూట్ల వంక చూసి, అన్నందుకు తనే సిగ్గుపడ్డాడు. “చూడండి, వచ్చే గురువారం సాయంత్రం మేం మూసేదాకా ఆపుతాను. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు. అదే ఇంటికి ఇంకో బ్యాచ్ కాచుకుని ఉంది.”

బయటికొచ్చాక బ్రయనీ పుస్తకాన్ని నా సంచిలో జాగ్రత్తగా పెట్టింది. “కాలు విరిగిన సంగతి చెప్పావు చూడు, దానికే ఇచ్చేయాలి అసలు,” అంది. నవ్వించడానికే అంది. నాకు నవ్వు రాలేదు.

రెండు రోజులకి మళ్ళీ వచ్చింది. వారం మధ్యలో ఎప్పుడూ రాదు. బట్టల బ్యాగు లేదు. ఆ ఐదుగురిలో టిల్లీ అనే అమ్మాయి, తన నాన్న బ్రయనీకి కూడా సంతకం పెడతాడేమో అడిగి చూస్తానందట. ఆయన తన లాయర్ని అడిగాడు. లాయరు వద్దన్నాడు.

“టిల్లీ ఏడ్చింది పాపం. ఏడ్చి, వాళ్ళ క్లాసులో ఇంకో అమ్మాయి గది వెతుక్కుంటోందని చెప్పింది. ‘నీకు కుదరకపోతేనే సుమా’ అంది. నేనే ఆ పిల్లకి ముక్కు తుడవాల్సి వచ్చింది.”

“ఆ అమ్మాయి పొట్టిదా?”

“పొడుగు. తల పగిలిపోతుంది అక్కడ.” కుర్చీలో కూలబడింది. క్లిఫ్ కుర్చీ అది. “వదిలెయ్ ఈనిడ్. ఏదో ఒకటి దొరుకుతుంది.”

నేను టీ పోసి, ఎదురుగా కూర్చుని అన్నాను. “లొరేన్ ఉంది కదా.”

లొరేన్ ఆ పిల్ల కన్నతల్లి. బ్రయనీ మా ఇంటికొచ్చిన కొత్తలో రెండు నెలలకోసారి కౌన్సిల్ వాళ్ళ కాంటాక్ట్ సెంటర్లో ఇద్దర్నీ కలిపేవాళ్ళు. బొమ్మలు, చేపల తొట్టె ఉన్న గది. తీసుకెళ్ళేది నేనే, వరండాలో కూర్చునేదాన్ని. లొరేన్ కొన్నిసార్లు వచ్చేది. చాలాసార్లు రాలేదు. తాగుడు అప్పట్లో. బ్రయనీ చేపల్ని చూస్తూ, “బస్సు లేటయి ఉంటుంది” అనేది. పన్నెండేళ్ళు వచ్చాక బస్సు మాట ఎత్తలేదు, ఇక వెళ్ళనంది. అప్పటి నుంచి ప్రతి పుట్టినరోజుకీ కార్డు వచ్చేది. ఆ పిల్ల విప్పేది కాదు. క్లిఫ్ విప్పి, వంటింట్లో నాకు చదివి వినిపించి బిస్కట్ల డబ్బాలో దాచేవాడు. అలాగే తెలిసింది మాకు, తాగుడు మానేసిందని, ఆస్పత్రి వంటశాలలో పని దొరికిందని, రస్ అని ప్లంబర్ని పెళ్ళి చేసుకుందని, ఇద్దరూ వేక్‌ఫీల్డ్‌లో ఇల్లు కొనుక్కున్నారని.

“ఆమెనా?” అంది బ్రయనీ. “నాకేమవుతుందని అడగాలి?”

“ఏమవుతుందో ఆ కుర్రాడి కంప్యూటర్‌కి తెలుసు.”

“వెటకారమా?”

“కాదు తల్లీ. ఒక్క సంతకం. ఇన్నేళ్ళలో ఒక్క సంతకం పెట్టమని అడుగుదాం.”

బొటనవేలి గోరు కొరుకుతూ కూర్చుంది. “నువ్వే అడుగు. నేను అడగను. వచ్చినా నేను మాట్లాడను.”

“మాట్లాడకులే. సంతకానికి మాటలెందుకు.”

అంకెలు నాకు వచ్చు. చివరి కార్డు మీద ఫోన్ నంబరు ఉంది. బ్రయనీ బస్సెక్కాక డబ్బా తీసి నంబరు నొక్కాను.

“లొరేన్, నేను ఈనిడ్ సగ్డెన్.”

అవతల పీల్చిన ఊపిరి వినబడింది. “బ్రయనీకి ఏమైంది?”

“ఏమీ కాలేదు, బాగుంది. యూనివర్సిటీలో చదువుతోంది.” సంగతంతా చెప్పాను.

“ఆమె అడగమందా, మీరే అడుగుతున్నారా మిసెస్ సగ్డెన్?”

అబద్ధం చెప్పి ఉండొచ్చు. “నేనే.”

“ఏ రోజు?”

“గురువారం. సాయంత్రం వాళ్ళు మూసేలోపు.”

“నేను వస్తానని ఆమెకి చెప్పకండి,” అంది. “వచ్చాక చెప్పండి.”

గురువారం సన్నగా వాన. అరగంట ముందే వెళ్ళాం. బ్రయనీకి ఏమీ చెప్పలేదు కానీ ఆ పిల్ల అడగనూ లేదు. తలుపు వైపు వీపు పెట్టి, ఎర్ర పట్టీ పడిన ఇళ్ళనే చూస్తూ కూర్చుంది. చేపల తొట్టె ముందు అలాగే కూర్చునేది. మా ఇంటి ఫొటోకి ఇంకా పట్టీ పడలేదు. మా ఇల్లు అని అప్పుడే అనేసుకుంటున్నాను.

రోడ్డుకి అవతల బస్ షెల్టర్లో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి, ఆమె ఎక్కడం లేదు. కాసేపటికి గాని నేను గుర్తుపట్టలేదు. జుట్టు నెరిసింది, ఒళ్ళు కాస్త చేసింది. ఎప్పుడు వచ్చిందో మాకంటే ముందే వచ్చి అక్కడ నిలబడిపోయింది. నేను తలుపు తీసి చెయ్యి ఊపాను. అప్పుడు దాటింది.

“బస్సు సరిగ్గా టైముకే వచ్చింది,” అంది లోపలికొస్తూనే, ఎవరూ అడక్కుండానే.

బ్రయనీ వెనక్కి తిరిగింది. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకుని, ఇద్దరూ ఒకేసారి బొటనవేలి గోరు నోట్లో పెట్టుకున్నారు. వాళ్ళకి తెలియలేదు. నేను చూశాను.

లొరేన్ తెచ్చిన కాగితాలన్నీ ప్లాస్టిక్ కవర్లో వరుసగా ఉన్నాయి. ఇంటి కాగితం, జీతం కాగితం, కరెంటు బిల్లు. జారెడ్ మొహం విప్పారింది. ఒక్కొక్కటీ కంప్యూటర్‌కి చూపించాడు. అది వంక పెట్టలేదు.

“ఒక సంగతి ముందే చెప్పాలండీ. ఇది మీ అమ్మాయి ఒక్కదానికే కాదు. అందరిదీ కలిపి ఒకే అగ్రిమెంటు. ఆ ఐదుగురిలో ఎవరు అద్దె ఎగ్గొట్టినా షూరిటీలు అందరూ బాధ్యులే. ఇష్టమేనా?”

లొరేన్ నా వైపు తిరిగి చిన్నగా నవ్వింది. “ఒక్కదాని బాధ్యతే మొయ్యలేకపోయాను. ఇప్పుడు ఐదుగురిని ఇస్తున్నారు.” తర్వాత అతనితో, “ఇష్టమే,” అంది.

“అయితే సాక్షి కావాలి. ఇది దస్తావేజు కింద లెక్క. మీరు సంతకం పెట్టడం పక్కనుండి చూసి, ఆ మనిషి కూడా సంతకం పెట్టాలి. మా ఆఫీసు వాళ్ళు పనికిరారు. మీ ఇంటివాళ్ళూ పనికిరారు. చుట్టరికం ఉండకూడదు.”

పక్క కొట్టు మూసేశారు. వీధిలో గొడుగులు తప్ప మనుషుల మొహాలు కనబడడం లేదు. జారెడ్ గడియారం చూసి, తర్వాత నన్ను చూశాడు.

“మీరు పోయిన వారం వచ్చారు కదండీ. మీకూ వీళ్ళకీ చుట్టరికం ఏమైనా ఉందా?”

“ఆవిడ—” అంది బ్రయనీ.

“లేదు నాయనా,” అన్నాను. “నేనేమీ కాను.”

“అయితే మీరే సరిపోతారు!” అన్నాడు సంతోషంగా, కాగితం నా వైపు జరుపుతూ.

లొరేన్ సంతకం పెట్టింది. నేను చూశాను. చూడడమే సాక్షి పని. తర్వాత నేను నా రాణీగారి సంతకం పెట్టాను. క్లిఫ్ నేర్పిన మొదటి అక్షరం తోక ఎప్పటికంటే పొడుగ్గా వచ్చింది. పెన్ను కింద పెట్టబోతుంటే జారెడ్, “కింద పేరు విడివిడి అక్షరాల్లో, చిరునామా, మీరు చేసే పని, ఆ మూడు గడులూ నింపండి,” అన్నాడు.

నా చెయ్యి కాగితం మీద ఆగిపోయింది. బ్రయనీ లేవబోయింది. అంతకంటే ముందే లొరేన్ నా చేతిలోంచి పెన్ను తీసుకుంది.

“చేతులు చూడండి ఎలా కొంకర్లు పోయాయో, ఈ చలికి. మీరు చెప్పండి, నేను రాస్తాను.”

ఆమెకి ఎప్పుడు తెలిసిందో. కాంటాక్ట్ సెంటర్ రిజిస్టర్లో నేను సంతకం పెట్టి పక్క గడులన్నీ వదిలేయడం ఎప్పుడైనా గమనించి ఉంటుంది. నేను చెప్పాను, ఆమె రాసింది. పేరు. చిరునామా. పని దగ్గర ఆగి నా మొహంలోకి చూసింది.

“కాజాలు,” అన్నాను. “కోట్ల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టేదాన్ని.”

అదే రాసింది.

“ఇక మీదట ఇంటి విషయం ఏదైనా షూరిటీకే ఫోన్ చేస్తామండీ,” అన్నాడు జారెడ్ లొరేన్‌తో. లేచి వెళ్ళి మా ఇంటి ఫొటో మీద ఎర్ర పట్టీ అంటించాడు. బ్రయనీ రెండు చేతుల్తో మొహం మూసుకుంది. ఆ పిల్ల అంత సంతోషంగా ఉండడం క్లిఫ్ పోయాక అదే మొదటిసారి.

వాన ఆగేదాకా ఎదురుగా కేఫ్‌లో కూర్చున్నాం. వెన్న రాసిన బన్నులు చెప్పాను. లొరేన్ బన్నుని తినకుండా నాలుగు ముక్కలు చేసింది, ఎనిమిది చేసింది.

“నీ గదికి కిటికీ ఉందా?” అంది చివరికి.

బ్రయనీ మాట్లాడనంది కదా. “ఉంది. పైకప్పులోనే. వాన పడితే చప్పుడొస్తుందంట.”

“నీకు వాన చప్పుడంటే ఇష్టం. రేకు షెడ్డులోకి తీసుకెళ్ళమని ఏడ్చేదానివి, వినడానికి.”

“నాకు గుర్తులేదు.”

“నాకుంది.”

ఆ పిల్లకి పాల మీద మీగడ పడదని నాకు తెలుసు. చీకటంటే భయం లేదుగానీ తలుపు పూర్తిగా మూస్తే నిద్రపోదని తెలుసు. వాన సంగతి తెలియదు. తొమ్మిదేళ్ళు మా ఇంట్లో వాన పడుతూనే ఉంది, నేను కిటికీలు మూస్తూనే ఉన్నాను.

లొరేన్ బస్టాప్ ఎటో తెలియదంది, అంతసేపు బస్ షెల్టర్లో నిలబడిన మనిషే. బ్రయనీ చూపిస్తానని లేచింది. అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాను. ఇద్దరి మధ్యా ఇంకో మనిషి పట్టేంత దూరం పెట్టుకుని నడిచారు. మూల తిరిగేదాకా ఆ దూరం అలాగే ఉంది.

తర్వాత ఏజెంటు వాళ్ళు లొరేన్‌కి ఫోన్ చేయడం మొదలుపెట్టారు. తాళాల గురించి ఒకసారి, గోడ చెమ్మ గురించి ఒకసారి. లొరేన్ అది చెప్పడానికి బ్రయనీకి ఫోన్ చేసేది. చెమ్మ గురించి ఎంతసేపు మాట్లాడతారు ఎవరైనా? మా వంటింట్లో నిలబడి గంట మాట్లాడింది ఒక ఆదివారం. దుంపలు చల్లారిపోయాయి. మళ్ళీ వేడి చేశాను.

“రస్ ఎలాంటివాడు?” అన్నాను ఫోన్ పెట్టేశాక.

“జోకులు వేస్తాడు. ఒక్కటీ బాగుండదు. క్లిఫ్‌లాగే.” అని నాలిక్కరుచుకుంది.

“క్లిఫ్‌వి బాగుండేవి,” అన్నాను.

“ఈనిడ్. ఒక్కటీ బాగుండేది కాదు.”

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ ఆదివారం బాగుంది.

డిసెంబర్లో ఒక సాయంత్రం వచ్చి, కోటు బొత్తాం తిప్పుతూ నిలబడింది. “లొరేన్ అడిగింది, క్రిస్మస్‌కి వస్తావా అని. రాననే చెప్పాను. నువ్వొక్కదానివే ఉంటావు కదా.”

“నాకు పక్కింటి మార్జరీ ఎప్పుడో చెప్పింది రమ్మని,” అన్నాను. మార్జరీ అప్పటికి చెప్పలేదు. తర్వాత నేనే వెళ్ళి చెప్పించుకున్నాను. “వెళ్ళు తల్లీ. ఎన్ని క్రిస్మస్‌లు బాకీ ఉందో పాపం ఆమె.”

“మర్నాడే వచ్చేస్తాను. నా వాటా పుడ్డింగు దాచిపెట్టు.”

క్రిస్మస్ మర్నాడు మంచు పడింది, బస్సులు లేవు. ఆ మర్నాడు వచ్చింది. మెడ చుట్టూ కొత్త మఫ్లర్, ఆకుపచ్చది, చేత్తో అల్లింది. అల్లిక తిన్నగా లేదు. నేర్చుకుంటూ అల్లినట్టుంది. దాన్ని తీయకుండానే పుడ్డింగు తినేసింది. పొయ్యి పక్కన అంత వేడిలో కూడా.

ఫిబ్రవరిలో ఫ్లాటు తాళాలిచ్చారు. సామాన్లు చేరవేయడానికి రస్ తన వ్యాను తెస్తానన్నాడు. వద్దంటే ఊరుకోలేదు. నిజంగానే జోకులు వేశాడు, నిజంగానే ఒక్కటీ బాగాలేదు. క్లిఫ్ కుర్చీని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వ్యానెక్కించాడు.

బ్రయనీ గదిలో సామాను చివరికి మిగిలింది. మంచం, పుస్తకాలు, ఈత పోటీల్లో గెలిచిన పతకాలు, మా ఇంటికొచ్చినప్పుడు ఆ నల్ల సంచి అడుగున ఉన్న చెవి తెగిన కుందేలు. నా ఒంటి గదిలో ఇవి పట్టవు. జులై దాకా వేక్‌ఫీల్డ్‌లో పెడతామని వాళ్ళు ముందే అనుకున్నారట. మంచి ఆలోచన. అక్కడ ఖాళీ గది ఉంది. గోడకి రంగు కూడా వేశారట.

లొరేన్ వ్యానులో నిలబడి పెట్టెలు అందుకుంటోంది. నేను గుమ్మంలో ఉన్నాను, చేతిలో కెటిల్. అందరికీ ఆఖరి టీ పెట్టి దాన్ని కూడా సర్దేద్దామని. ఇంట్లోంచి పెద్ద పెట్టె మోసుకొస్తూ బ్రయనీ అరిచింది.

“అమ్మా, అది పైన పెట్టకు, లోపల గాజు ఉంది!”

ఇద్దరం తిరిగాం.

ఎందుకు తిరిగానో నాకు తెలియదు. ఇన్నేళ్ళలో ఆ పిల్ల నన్ను ఒక్కసారి కూడా అలా పిలవలేదు. పిలిచిన సంగతి తను కూడా గమనించినట్టు లేదు, పెట్టె అడ్డంగా ఉంది మొహానికి. లొరేన్ మాత్రం చూసింది. వ్యానులోంచి నన్ను చూస్తూ అలాగే ఉండిపోయింది, ఆ గాజు పెట్టె చేతుల్లోనే పెట్టుకుని. నేను కెటిల్ మూత తీసి, నలుగురికీ నీళ్ళు సరిపోతాయో లేదో చూశాను. సరిపోతాయి.

“కిందే పెట్టులే లొరేన్,” అన్నాను. “పగిలితే మళ్ళీ దొరకదు.”

వెళ్ళేముందు బ్రయనీ నన్ను గట్టిగా పట్టుకుంది. “ఆదివారం వస్తాను.”

వచ్చింది. చాలా ఆదివారాలు వచ్చింది. తర్వాత రెండు వారాలకోసారి, తర్వాత పరీక్షలు, తర్వాత ఉద్యోగం. ఇప్పుడు బ్రిస్టల్‌లో ఉంటుంది. నా పుట్టినరోజుకి తప్పకుండా వస్తుంది. మంచి పిల్ల. చెడ్డ మాట అనడానికి నా దగ్గర ఏమీ లేదు, ఎవరి గురించీ.

ఆ పైకప్పు గది నేను చూడలేదు. మూడంతస్తుల మెట్లు నా తుంటికి కుదరలేదు. జులైలో తను ఫొటో పంపింది. కిటికీ అద్దం మీద వాన చినుకులు, ఇంకేమీ లేదు అందులో. వెనకాల ఏదో రాసి ఉంది. నేను చదవలేను కాబట్టి కవర్లోనే ఉంచాను. ఎవరిచేతనైనా చదివించుకోవచ్చు. నాకు ఇష్టం లేకపోయింది. ఆ సెప్టెంబరులో లైబ్రరీకి వెళ్ళి పేరిచ్చాను.

అది చదవగలిగేసరికి ఏడాది పట్టింది. ‘నువ్వు చెప్పింది అబద్ధం ఈనిడ్. ఆ రోజు ఆఫీసులో,’ అని ఉంది. కింద ముద్దులకి గుర్తుగా ఇంటూ గుర్తులు పెట్టింది. దాన్ని చదివి టీచరమ్మకి చూపించలేదు, మీకు చూపిస్తున్నాను.

మొదటి క్లాసులో టీచరమ్మ అందరికీ తలా ఒక కాగితం ఇచ్చింది. పేరు, చిరునామా, చేసే పని. ఆ మూడు గడులూ నాకు తెలుసు. అప్పుడు ఒక్కటీ నింపలేకపోయాను. చలికాలం నాటికి మొదటిది వచ్చింది, ఈస్టర్‌కి రెండోది. మూడో గడిలో కాజాలు అని రాయడం నేర్పింది. నేర్చుకున్నాను. రాసి, దాన్ని కొట్టేసి, ఒక పిల్లని పెంచాను అని రాశాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని చూసింది. దాన్ని దిద్దలేదు.

ఈనిడ్ సగ్డెన్,
వయసు డెబ్బై నాలుగు,
కింది అంతస్తు, ఆర్మ్లీ, లీడ్స్.